వేటకెళ్ళే బోటులో ముందు ఉండాల్సింది ఫోన్ కాదు

పోయిన జనవరిలో మా మావయ్యకి కొత్త ఫోన్ కొనిచ్చాను. ఐపీ68 రేటింగ్, పెద్ద బ్యాటరీ, ఎండలో కూడా కనిపించే డిస్‌ప్లే. మనం స్పెక్స్ చూసి మురిసిపోయే బ్యాచ్ కదా, "నీళ్ళలో పడినా ఏం కాదు మావయ్యా, బోటులోకి పట్టుకెళ్ళు" అని ధీమాగా చెప్పేశాను. మావయ్యది భీమిలి దగ్గర ఊరు. ఫైబర్ బోటు, ఔట్‌బోర్డ్ ఇంజిన్, నలుగురు మనుషులు.

నెల తిరక్కుండానే ఓ సాయంత్రం వేట నుంచి వస్తుంటే ఇంజిన్ ఆగిపోయింది. ఒడ్డు కనపడట్లేదు, సిగ్నల్ లేదు. టవర్ కోసం వెతికీ వెతికీ ఫోన్ బ్యాటరీ కరిగిపోయింది. ఉప్పునీళ్ళు అంటిన వేళ్ళకి టచ్ పలకలేదు. పవర్ బ్యాంక్ పెడితే పోర్టులో తేమ ఉందని వార్నింగ్ ఇచ్చి ఛార్జింగ్ ఆపేసింది. రాత్రంతా కొట్టుకుపోయాక, తెల్లవారుజామున ఇంకో బోటువాళ్ళు వీళ్ళ టార్చ్ వెలుగు చూసి, తాడు కట్టి లాక్కొచ్చారు. ఆ టార్చ్ సంతలో కొన్నది.

ఒడ్డుకొచ్చాక మావయ్య అడిగింది ఒక్కటే. "ఇంతకీ నీ ఫోను ఏటి చేసిందిరా అల్లుడూ?"

తప్పు ఫోన్‌ది కాదు, నాది. ఐపీ68 టెస్ట్ చేసేది మంచినీళ్ళలో, కదలకుండా ఉన్న నీళ్ళలో. చాలా కంపెనీలు చెప్పేది 1.5 మీటర్ల లోతు, 30 నిమిషాలు. ఉప్పునీళ్ళ సంగతి అందులో లేదు. లోపలికి నీళ్ళు పోతే వారంటీ కూడా రాదు. రివ్యూల్లో ఫోన్‌ని గ్లాసు నీళ్ళలో ముంచి చూపిస్తే చప్పట్లు కొట్టేవాళ్ళలో నేనూ ఉన్నాను.

అందుకే ఇప్పుడు నా అభిప్రాయం ఇది: బోటు కోసం డబ్బులు పెట్టేటప్పుడు ఫోన్ చివర్న రావాలి.

మొదట లైఫ్ జాకెట్లు, మనిషికొకటి, ప్రతిదానికీ ఒక విజిల్. తర్వాత డ్యాట్, అంటే డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్. ఇస్రో తయారుచేసింది. బటన్ నొక్కితే మన లొకేషన్‌తో సహా మెసేజ్ శాటిలైట్ ద్వారా కోస్ట్ గార్డ్‌కి చేరుతుంది, టవర్‌తో పనిలేదు. 2024లో వచ్చిన రెండో తరం డ్యాట్‌లో ఇంకో మంచి ఫీచర్ ఉంది: మీ మెసేజ్ అందిందని తిరిగి జవాబు వస్తుంది. చీకట్లో, నీళ్ళ మధ్య కూర్చున్నవాడికి ఆ జవాబు ఎంత ధైర్యమో, ఆ రాత్రి తర్వాత మా అత్తయ్యని చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా.

వీహెచ్‌ఎఫ్ రేడియో కూడా అంతే ముఖ్యం. ఛానెల్ 16 ఆపద కోసమే ఉంది, చుట్టుపక్కల సెట్ ఆన్‌లో ఉన్న ప్రతి బోటుకీ ఒకేసారి వినిపిస్తుంది. ఫోన్ కాల్ ఒక్కరికే వెళ్తుంది. చేతిలో పట్టుకునే సెట్ రేంజ్ కొన్ని నాటికల్ మైళ్ళే, లైసెన్స్ కూడా ఉండాలి. అయినా సరే.

"శాటిలైట్ ఫోన్ తెప్పించొచ్చుగా బ్రో" అంటారు కొందరు. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ వాడటం మన దేశంలో నేరం. ఆ ఐడియా అక్కడితో వదిలేయండి.

ఇక జెమిని. 2019లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి తెచ్చిన రిసీవర్ ఇది. గగన్ శాటిలైట్ల నుంచి తుపాను హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల సమాచారం తీసుకుని బ్లూటూత్‌లో ఫోన్‌కి పంపుతుంది. కానీ ఇది వినడానికే, మనం తిరిగి ఏమీ పంపలేం. డ్యాట్‌కి బదులు అనుకోవద్దు.

ఫోన్ వద్దని కాదు. ఒడ్డునే ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసి, జీపీఎస్ లొకేషన్ ఒకసారి పట్టేదాకా ఆగి, సిగ్నల్ పోగానే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వాటర్‌ప్రూఫ్ పౌచ్‌లో ఉంచితే దారి చూపిస్తుంది. నెట్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. కోస్ట్ గార్డ్ నంబర్ 1554 సేవ్ చేసుకోండి, ఒడ్డున ఇంట్లోవాళ్ళ ఫోన్లలో కూడా.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ రెండు నెలల్లో వీటిల్లో చాలావరకు సమకూర్చాం. గొడవంతా లైఫ్ జాకెట్ దగ్గరే. "అదేసుకుని వల లాగడం ఎలాగరా, ఉడికి చస్తాం" అంటాడు మావయ్య. ఆయన మాటలో న్యాయం ఉంది, ఎండలో దాన్ని వేసుకుని నేనూ పది నిమిషాలు ఉండలేకపోయాను. చేతులు ఆడేలా ఉండే పల్చటి రకం వెతుకుతున్నాను. ప్రస్తుతానికి రాత్రిపూట మాత్రం వేసుకుంటానని ఒప్పుకున్నాడు.