చిగుళ్లు వాచాయా? నీళ్లను తిట్టకండి!

నల్లగొండ జిల్లాలో పళ్లకు ఏమొచ్చినా "మా నీళ్లే అంత" అనేస్తుంటాం. కేతేపల్లి వైపూ అదే మాట. చిన్నతనంలో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగితే పళ్ల మీద మచ్చలు పడేది నిజమే. చిగుళ్ల వాపుకు మాత్రం కారణం అది కాదండీ!

పళ్ల సందుల్లో పేరుకున్న పాచే అసలు దొంగ. సరిగా తోమకపోతే గట్టిపడి గార కడుతుంది. చిగుళ్లు ఎర్రబడి ఉబ్బుతాయి, తోముతుంటే నెత్తురొస్తుంది. నెత్తురొస్తోందని తోమడం మానేశారో, వాపు ఇంకా ముదురుతుంది. మెత్తని బ్రష్‌తో రోజూ రెండుసార్లు తోమండి. బొగ్గు, ఇటుకపొడి వద్దు. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలిస్తే కాస్త హాయి. గారను మాత్రం పళ్ల డాక్టరే తీయాలి. తీయిస్తే పళ్లు కదిలిపోతాయన్నది వట్టి అపోహ.

కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల మార్పుతో చిగుళ్లు త్వరగా వాస్తాయి. షుగరు, పొగాకు, ఫిట్స్‌కిచ్చే ఫెనిటాయిన్, బీపీకిచ్చే ఎమ్లోడిపిన్ కూడా కారణం కావచ్చు. మందు మీ అంతట మీరు ఆపకండి, డాక్టరుకు చెప్పండి. రెండు వారాల్లో తగ్గకపోతే చూపించుకోండి. చీము, జ్వరం, ముఖం వాపు ఉంటే వెంటనే వెళ్లండి.

ఇంటిల్లిపాదినీ కనిపెట్టుకుని ఉండే మీరు, ఇవాళ అద్దంలో మీ చిగుళ్లనూ ఓసారి చూసుకోరూ!