మెరుపు కారుది, కోత కడిగేవాడికా?



పోయిన ఎండాకాలం పనిమీద హైదరాబాదు పోయి, మా బడిలో చదువుకున్న ఒక పిల్లవాణ్ణి చూసి వచ్చాం. వాడి పేరు రాయం, షాపు పేరు రాయం. రాస్తే ఉన్న పని కాస్తా పోతుంది. ఖరీదైన కార్లను కడిగి మెరుగుపెట్టి ఇచ్చే షాపు అది. మేము పోయిననాడు అక్కడ ఒక ఎర్ర స్పోర్ట్సు కారు ఉంది. నేలకు అంటుకున్నట్టు పొట్టిగా, మొఖం చూసుకునేంత నున్నగా. చుట్టూ తిరిగి చూసి మేమూ మురిశాం. అబద్ధమెందుకు?

పిల్లవాడు మాత్రం మురిసేలా లేడు. అంతకుముందు నెల వాడి జీతంలో రెండు వేలు కోశారు. ఇట్లాంటిదే ఒక కారును కడిగాక ఎండలోకి తీసి చూస్తే, పెయింటు మీద సాలెగూడులాంటి సన్నగీతలు కనిపించాయట. కారు ఆసామి షాపు యజమాని మీద కేకలేశాడు. యజమాని పిల్లవాడి జీతం మీద కత్తిపెట్టాడు.

"రెండు బకెట్లు అడిగిన సార్. ఒక్కటే ఇచ్చిండ్రు. ఒక్క బకెట్ల కడిగితే గీతలు పడకేమైతయి?" అన్నాడు.

బకెట్లకూ గీతలకూ ఏం సంబంధమని అడిగాం. ఆ పూట వాడు సారు, మేము విద్యార్థులం. వాడు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాం. నగరాల్లో కార్లు కడిగే మన పిల్లలున్న ప్రతి వాడలోనూ ఇది చదివి వినిపించండి.

కారు మెరుస్తుందంటే రంగు మెరుస్తుందనుకుంటాం. కాదు. బాడీ మీద ముందు ప్రైమరు, దాని మీద రంగు, రంగు మీద నీళ్ళలాగా తేటగా ఉండే ఇంకో పొర ఉంటుంది. దాన్ని క్లియర్ కోటు అంటారు. మెరుపంతా ఆ పొరదే. దాని మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక కన్నా పలుచన. కోట్ల రూపాయల కారు అందమంతా వెంట్రుకంత మందం కూడా లేని పొర మీద ఆధారపడి ఉంది.

దాన్ని గీరేది మేకులు, రాళ్ళు మాత్రమే కాదు. దుమ్ము. దుమ్ములో ఇసుక రేణువు ఉంటుంది. పొడి గుడ్డతో తుడిస్తే ఆ రేణువును మనమే పెయింటు మీద ఈడుస్తాం. అపార్టుమెంట్ల కింద తెల్లారగానే డ్రైవర్లు, వాచ్‌మెన్లు మసిగుడ్డతో కారు తుడుస్తుంటారు చూడండి. శుభ్రం చేస్తున్నామనుకుంటారు. నిజానికి రోజుకిన్ని గీతలు పెడుతున్నారు. తప్పు వాళ్ళది కాదు. చెప్పినవాడు లేడు, సరైన గుడ్డ కొనిచ్చినవాడు లేడు.

అందుకే రెండు బకెట్లు. ఒకదాంట్లో షాంపూ నీళ్ళు, ఇంకోదాంట్లో ఉత్త నీళ్ళు. ముందు కారు మొత్తం నీళ్ళు కొట్టి వదులు దుమ్మును పోగొట్టాలి. తర్వాత మెత్తని తొడుగును షాంపూలో ముంచి, పైకప్పు నుంచి కిందికి రావాలి. గుండ్రంగా రుద్దవద్దు, తిన్నగా తుడవాలి. ఒక పలక తుడిచాక తొడుగును ఉత్త నీళ్ళలో జాడించి, ఆ తర్వాతనే మళ్ళీ షాంపూలో ముంచాలి. అడుగున జల్లెడలాంటిది వేస్తే ఇసుక కిందనే ఉండిపోతుంది. ఒకే బకెట్ అయితే కడిగిన ఇసుకనే మళ్ళీ ముంచుకొని మళ్ళీ రుద్దుతాం. ఇంతే సంగతి. ఈ ఒక్క బకెట్ ఖరీదు ఎంత? పిల్లవాడి జీతంలో కోసిందెంత?

ఇంకా ఉంది. చక్రాలకు వేరే నీళ్ళు, వేరే బ్రష్షు. బ్రేకుల నుంచి రాలిన ఇనుప పొడి అక్కడ ఉంటుంది. కింద పడ్డ గుడ్డను మళ్ళీ కారుకు తగిలించవద్దు. ఎండలో, వేడి మీద కడగవద్దు. నీళ్ళు ఆరిపోయి మచ్చలు పడతాయి. మన బోరునీళ్ళ సంగతి తెలిసిందే, బిందె లోపల తెల్లగా పొర కడతాయి. అవే నీళ్ళు కారు మీద ఆరితే సున్నపు మచ్చలు. వెంటనే మెత్తని మైక్రోఫైబర్ తువ్వాలతో తడి ఒత్తి తీయాలి. గిన్నెల సబ్బు, బట్టల పొడి వాడవద్దు. పైన పట్టించిన మైనాన్ని ఊడదీస్తాయి. పిట్ట రెట్టలో ఆమ్లం ఉంటుంది. ఎండకు పొర మెత్తబడితే లోపలికి తింటుంది. అదేరోజు నానబెట్టి ఎత్తేయాలి, గీకవద్దు.

గీతలు పడ్డాక పాలిష్ చేస్తే పోతాయి కదా అంటారు. పోవు మిత్రులారా. గీత లోతు దాకా చుట్టూ ఉన్న పొరనే అరగదీస్తారు. పాలిష్ చేసిన ప్రతిసారీ క్లియర్ కోటు కొంత తగ్గుతుంది. అది అరిగిపోయిననాడు ఏ మెషిన్ మెరుపు తేలేదు. కాబట్టి మెరుపు కాపాడేవాడు పాలిష్ మెషిన్ పట్టుకున్నవాడు కాదు. గీత పడకుండా కడిగినవాడు. ఏ పొర ఎంతుందో, ఎక్కడ చెయ్యి తేలిక చెయ్యాలో తెలిసినవాడు. దీన్ని ఏమంటారు? మేము విద్య అంటాం. లోకం మాత్రం "కార్లు కడిగేటోడు" అంటుంది.

చివరికి పట్టించే మైనం సంగతి కూడా వినండి. పేరుమోసిన మైనం కార్నౌబా. బ్రెజిల్ ఈశాన్య భాగంలో, సియారా, పియావీ వంటి రాష్ట్రాల్లో పెరిగే తాటిజాతి చెట్టు ఆకుల మీద అది పొడిలా ఉంటుంది. పొడవాటి కర్రకు కట్టిన కొడవలితో ఎండలో ఆకులు కోసి, ఆరబెట్టి, దులిపి తీస్తారు. అక్కడి కూలీలు ఆరుబయట పడుకుంటున్నారని, శుద్ధిచేయని నీళ్ళు తాగుతున్నారని 2017లో జర్మనీ టెలివిజన్ బయటపెట్టింది. ముత్యంలా తళుక్కుమనే కారు రంగుల్లో కలిపేది కాకిబంగారం, అంటే అభ్రకం. మన గూడూరు, సైదాపురం వైపు దాని గనులున్నాయి. జార్ఖండులో పాడుబడ్డ అభ్రకం గనుల్లో పిల్లలు చచ్చిపోతున్నారని 2016లో రాయిటర్స్ రాసింది. అంటే కారు రంగులో ఒకరి చెయ్యి, మైనంలో ఇంకొకరి చెయ్యి, కడుగుడులో మావాడి చెయ్యి. అద్దంలాంటి ఆ పెయింటులో ఆసామి మొఖం ఒక్కటే కనిపిస్తుంది.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆ పిల్లవాణ్ణి బకెట్‌తో చూసినప్పుడు మాకు ముందు కలిగింది సిగ్గు. డిగ్రీ దాకా చదివించి, ఇంకొకరి సామాను కడగడానికా పంపింది అనుకున్నాం. ఎవరికి నేర్పిన సిగ్గు అది? మా నాయన లందలో తోళ్ళు ఊనేవాడు. సున్నం ఎంత, తంగేడు చెక్క ఎంత, ఎన్నిరోజులు నానాలి అన్నది వేళ్ళతో పట్టి చెప్పేవాడు. తోలుకు ఆముదం పట్టించి మెత్తన చేసి మెరుపు తెచ్చేవాడు. ఆ మెరిసే చెప్పులు తొడుక్కొని ఊళ్ళో పెద్దలు మా వాడ ముందునుంచే నడిచారు. చెప్పులు ముట్టుకున్నారు, కుట్టినవాణ్ణి ముట్టుకోలేదు. నాయన విద్యను విద్య అనుకోనివ్వలేదు మమ్మల్ని. బకెట్ చూసి సిగ్గుపడ్డప్పుడు మేము వాళ్ళ కళ్ళతోనే చూశాం.

అట్లాగని మన పిల్లలు తరతరాలూ కార్లు కడుగుతూ ఉండాలని మేము అనడం లేదు. కలెక్టరు కావాలన్నా, కారు కొనాలన్నా అది వాళ్ళ హక్కు. కానీ ఇవాళ ఆ పని చేస్తున్నవాడిని పనిమంతుడిగా గుర్తించాల్సిందే. ఏ పని ఎవరు చేస్తే నైపుణ్యం, ఎవరు చేస్తే చాకిరీ అన్నది పుట్టుకతో తేలుస్తామంటే ఒప్పుకునేది లేదు.

కార్యకర్తలకు మా సూచన. మీ ఊరినుంచి పోయి ఇట్లాంటి షాపుల్లో పనిచేసే పిల్లల లెక్క రాసుకోండి. నెలకొకసారైనా కలవండి. నాలుగు మాటలు గట్టిగా అడగమని చెప్పండి. ఒకటి, పనికి తగ్గ సరంజామా: రెండు బకెట్లు, మంచి గుడ్డలు, బోరునీళ్ళు కాకుండా మెత్తని నీళ్ళు. రెండు, చేతులకు గ్లౌజులు, పాలిష్ దుమ్ముకు ముక్కుకు మాస్కు. చక్రాలు కడిగే కొన్ని మందుల్లో యాసిడ్ ఉంటుంది, చర్మాన్ని తింటుంది. మూడు, పని నేర్చినవాడికి నేర్చినట్టు జీతం. నాలుగు, కోత. నష్టం పేరుతో జీతం కోయాలంటే, ఆ నష్టం పనివాడి నిర్లక్ష్యం వల్లనే జరిగి ఉండాలి, ముందు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనూ ఇదే ఉండేది, 2019 నాటి వేతనాల కోడ్‌లోనూ ఇదే ఉంది. రెండో బకెట్ ఇవ్వనివాడిది నిర్లక్ష్యమా, అడిగి లేదనిపించుకున్నవాడిదా?

బస్సెక్కేముందు పిల్లవాడికి ఇదంతా చెప్పాం. కోసిన పైసలకు కాగితం రాసివ్వమని అడగమన్నాం. "అడిగితే పనిల నుంచి తీసేస్తరేమో సార్" అన్నాడు. ఒక్కడివే అడిగితే తీసేస్తారు బిడ్డా, షాపులో ఉన్న ఆరుగురూ కలిసి అడగండి అన్నాం. మొన్న ఫోన్ చేశాడు. పైసలు ఇంకా రాలేదు. రెండో బకెట్ వచ్చింది.

పైసలు వచ్చేదాకా మేమూ వదలం.