కాపు కాసే కన్ను

జింక రేపు ఏ దారిన వస్తుంది? ఎన్ని గంటలకు వస్తుంది? వెంట పిల్లలున్నాయా? ఇవన్నీ ఇవాళే తెలిసిపోతే వేటగాడికి అంతకంటే ఏం కావాలి!

అమెరికాలో జరుగుతున్నది అదే. అక్కడ జింకల వేటకు ఒక సీజనుంటుంది. లైసెన్సుంటుంది. ఎన్నింటిని కొట్టవచ్చో లెక్కుంటుంది. ఆ సీజను రావడానికి నెలల ముందే వేటగాళ్లు అడవికెళ్లి, జింకలు నడిచే దారుల పక్కన చెట్లకు చిన్న పెట్టెలు కట్టి వచ్చేస్తారు. వాటినే ట్రెయిల్ కెమెరాలంటారు. ఏ పోతుకు కొమ్ములు బాగా పెరిగాయో, అది ఏ వేళకు నీళ్లకు వస్తోందో ఫొటోలు చూసి తెలుసుకుంటారు. సీజను మొదలయ్యే రోజుకు ఎక్కడ కూర్చోవాలో ముందే ఖాయమైపోతుంది.

మన అడవుల్లోనూ అటవీశాఖ వాళ్లు ఇలాంటి పెట్టెలే కడతారు. ఇక్కడ వాటి పేరు కెమెరా ట్రాప్. యంత్రం ఒకటే, పని మాత్రం పూర్తిగా వేరు.

పెట్టెలో ఏముంది?

కెమెరా పక్కనే ఒంటి వేడిని పసిగట్టే సెన్సర్ ఉంటుంది. చుట్టుపక్కల కంటే వెచ్చగా ఉన్నదేదైనా ఎదురుగా కదిలితే చాలు, క్షణంలో ఫొటో పడుతుంది. రాత్రయితే కంటికి కనిపించని పరారుణ కాంతి వెలుగుతుంది కాబట్టి జంతువు పెద్దగా బెదరదు. ఫొటో మీద తేదీ, సమయం కూడా అచ్చవుతాయి.

అయితే దీనికీ కొన్ని ఇబ్బందులున్నాయి. ఎండాకాలం మధ్యాహ్నం గాలి వేడి జంతువు ఒంటి వేడికి దగ్గరైపోతే సెన్సర్ తికమకపడుతుంది. ఎదుట గడ్డి ఊగినా ఫొటోలు తీసేస్తుంది. అందుకే కట్టేవాళ్లు ముందు ఆ గడ్డి కోసేస్తారు. సూర్యుడు సూటిగా పడని దిక్కు చూసి బిగిస్తారు. ఇంత చేసినా ఏ ఏనుగో వచ్చి తొండంతో పీకి పారేస్తే చేసేదేమీ లేదు!

తుపాకి వదిలిన వేటగాడు

ఈ కెమెరాకు మూలపురుషుల్లో ఒకరు జార్జ్ షిరాస్ అనే అమెరికన్. ఆయనా మొదట్లో వేటగాడే. పడవ ముందు దీపం పెట్టుకుని, ఆ వెలుగుకు బిత్తరపోయి నిలబడ్డ జింకలను కొట్టేవాడు. తర్వాత తుపాకి పక్కన పెట్టి కెమెరా పట్టాడు. జింక నడిచే దారికి అడ్డంగా తీగ కట్టి, అది తగలగానే మెరుపు వెలిగి ఫొటో పడే ఏర్పాటు చేశాడు. ఆయన తీసిన 74 ఫొటోలను 1906 జులైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక అచ్చువేసింది. చీకట్లో జింకలు ఎలా మసలుతాయో లోకం అలా చూసింది.

1920ల్లో ఎఫ్.డబ్ల్యూ. ఛాంపియన్ అనే అటవీ అధికారి ఇదే పద్ధతిలో మన దేశంలో పులుల ఫొటోలు తీశాడు. 1990ల్లో ఉల్లాస్ కారంత్ కర్ణాటకలోని నాగరహొళెలో కెమెరాలతో పులులను లెక్కించే పద్ధతికి బాట వేశారు. 2018 నాటి దేశవ్యాప్త పులుల గణనలో కెమెరాలు పెట్టిన చోట్లు 26,838. పడిన ఫొటోలు మూడు కోట్ల 48 లక్షలకు పైనే. అది గిన్నిస్ రికార్డు!

సీజను లేదు, ఉచ్చు ఉంది

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఈ మూడు ఊళ్ల చుట్టూ కొండలూ చిట్టడవులూ ఉన్నాయి. ఒకవైపు హార్స్‌లీ కొండలు, మరోవైపు పలమనేరు, కుప్పం మధ్య 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యం. ఇక్కడ వేటకు సీజనంటూ లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు పగ్గాలు వేసింది. 1991 సవరణతో లైసెన్సు వేట కూడా పోయింది. మన రాష్ట్ర జంతువైన కృష్ణజింకను చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు.

చట్టం ఉంది సరే... ఉచ్చుకు సీజనుతో పనేముంది? మోటారు సైకిల్ బ్రేకు తీగ చాలు ఉచ్చు కావడానికి. అడవిపంది కోసమని పెడితే అందులో దుప్పి పడుతుంది, ఒక్కోసారి చిరుత కూడా. పంటకు కాపలా అని కరెంటు తీగ లాగితే ఏనుగు చస్తుంది. దారి తెలియక వచ్చిన మనిషీ చస్తాడు.

దుప్పులు, కణుజులు తగ్గిపోతే అడవిలో చిరుతకు తిండేది? అది మేకల దొడ్డి వైపు, ఊరకుక్కల వైపు చూస్తుంది. జింకల లెక్క తెలియాలనేది అందుకే. ఆ లెక్క అడవికే కాదు, అడవి అంచున కాపురముండే మనిషికీ అవసరం.

చారలుంటే సులువు

పులి చారలు మన వేలిముద్రల్లాంటివి. ఏ రెండు పులులకూ ఒకేలా ఉండవు. కుడివైపు చారలు ఎడమవైపు ఉండవు కాబట్టి దారికి అటొకటి, ఇటొకటి కెమెరాలు కడతారు. చిరుతను మచ్చలు పట్టిస్తాయి. కణుజుకు చారలూ లేవు, చుక్కలూ లేవు. పది ఫొటోలు పడితే పది కణుజులా, ఒకటే పదిసార్లు వచ్చిందా? చెప్పడం కష్టం. దుప్పికి చుక్కలున్నా మందలో ఒక్కోదాన్నీ పోల్చుకోవడం తేలిక కాదు.

అందుకే జింకల లెక్కకు ఇప్పటికీ కాళ్లనే నమ్ముకుంటారు. గీత గీసినట్టు తిన్నటి దారిలో తెల్లవారుజామున నడుస్తారు. కనిపించిన మందలో ఎన్నున్నాయి, ఎంత దూరంలో ఉన్నాయి అన్నది రాసుకుంటారు. పెంటికలు చూస్తారు. కెమెరా మిగతాది చెబుతుంది. ఏ నీటిగుంట దగ్గరికి వస్తున్నాయి, పగలు మేస్తున్నాయా, మనిషి అలికిడికి రాత్రికి మారిపోయాయా అన్న సంగతులు.

ఫొటో ఎవరి చేతిలో?

తిప్పలు వచ్చేది ఇక్కడే. జింక ఎక్కడుందో చెప్పే ఫొటో కాపలాదారుకు ఎంత పనికొస్తుందో, దొంగవేటగాడికీ అంతే పనికొస్తుంది. అందుకే కెమెరా ఉన్న చోటు బయటపెట్టకూడదు. వేట తప్పు కాని అమెరికాలో సైతం దీని మీద గొడవలు జరిగాయి. జంతువుకు తప్పించుకునే వీలే లేకపోతే అది వేటెలా అవుతుందని కొందరు నిలదీశారు. చివరికి అరిజోనా రాష్ట్రం 2022 జనవరి నుంచి వేట కోసం ఈ కెమెరాలు వాడకూడదని నిషేధించింది.

కెమెరాకు మనిషి కూడా జంతువే, వెచ్చగా కదిలితే చాలు! ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ అడవిలో కట్టెలకెళ్లే ఆడవాళ్లు ఈ కెమెరాలకు జంకి పాటలు పాడుకోవడమే మానేశారని 2024లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. పులి రాకుండా గొంతెత్తి పాడుకునే పాటలవి. కెమెరా ఎక్కడుందో దొంగకు తెలియకూడదు. ఎందుకుందో ఊరికి తెలియాలి. రెండూ ముఖ్యమే.

సరిగ్గా వాడితే ప్రాణాలు నిలుస్తాయి. 2023లో తిరుమల నడకదారిలో చిరుత ఒక చిన్నారిని పొట్టన పెట్టుకున్నాక, అక్కడ కెమెరాలతోనే జాడలు పట్టి బోన్లు పెట్టారు. కోయంబత్తూరు దగ్గర మదుక్కరై అడవిలో 2024 ఫిబ్రవరిలో 12 టవర్ల మీద కెమెరాలు పెట్టారు. ఏనుగు పట్టాల వైపు వస్తే రైలు వాళ్లకు అప్పటికప్పుడే కబురు అందుతుంది.

కుప్పం, పలమనేరు రైతుకు కావలసింది అలాంటి కబురే. ఏనుగు చెరకు తోటలోంచి వెళ్లిపోయాక ఫొటో చూపిస్తే ఏం లాభం? తోటకు వచ్చే ముందే ఫోను మోగాలి. అప్పుడు పొలం గట్టున కరెంటు తీగ లాగే అవసరం చాలావరకు తప్పుతుంది.

కొండ దారిలో చెట్టుకు కట్టిన పెట్టె కనిపిస్తే పీకకండి. ఉచ్చు కనిపిస్తే మాత్రం ఊరుకోకండి. దగ్గర్లోని అటవీ కార్యాలయానికి ఒక్క మాట చేరవేయండి. కెమెరా ఉచ్చును ఫొటో తీయగలదు. తీసేయించగలిగేది ఊరే.