2004: పైకి ఆనంద్, లోపల ఆర్య

పాత హార్డ్ డిస్కు ఒకటి పారేసే ముందు, చివరిసారిగా ఏముందో చూద్దామని కలిపాను. అందులో '2004 బెస్ట్' అని ఒక ఫోల్డరు కనబడింది. ఆ ఏడాది డిసెంబరు ఆఖర్లో (క్లయింటు క్రిస్మస్ సెలవుల్లో ఉన్నప్పుడు మనకి దొరికే దివ్యమైన తీరిక సంగతి మీకు నేను చెప్పాలా!) కూర్చుని, నచ్చిన ఆల్బమ్ములకి ర్యాంకులిచ్చి దాచుకున్న జాబితా అది. చూడగానే ముచ్చటేసింది. ఇంకాస్త చూశాక సిగ్గేసింది.

సిగ్గు సంగతి తర్వాత. ముందు ఆ ఏడాది ఎలా ఉండేదో గుర్తు చేసుకుందాం.

ఏప్రిల్ 1న గూగుల్ వాడు మెయిలుకి ఒక జీబీ ఇస్తానంటే ఏప్రిల్ ఫూల్ జోకనుకున్నాం. జోకు కాదని తెలిశాక, ఇన్విటేషన్ ఉన్న శాల్తీ ఎవడో కనుక్కుని, అప్పటిదాకా పలకరించనైనా లేని వాడికి క్యాంటీన్లో సమోసాలు ఇప్పించాం. జనవరిలో పుట్టిన ఆర్కుట్ పుణ్యమా అని, ఎదురుగా తిట్టుకునే వాళ్ళు కూడా ఒకళ్ళనొకళ్ళు ఆహా ఓహో అని టెస్టిమోనియల్స్ రాసుకున్నారు. 'గుడుంబా శంకర్'లో పవన్ కళ్యాణ్ ప్యాంటు మీద ప్యాంటు వేసుకున్నాడు. దాన్ని అనుకరించబోయి హైదరాబాదు ఎండలో ఉడికిపోయిన వాళ్ళు నాకు తెలుసు (ఒకడు బాగా దగ్గరగా తెలుసు, పేరు అడక్కండి). ఆగస్టులో 'ధూమ్' వచ్చాక, మీటింగులో ఎవడి ఫోను మోగినా నలుగురు జేబులు తడుముకునేవారు.

ఇక డిసెంబరు 17న 'స్వదేశ్' వచ్చింది. నాసా ఇంజనీరు అన్నీ వదిలేసి ఊరికొచ్చి కరెంటు తెప్పిస్తాడు. అది చూసి అమెరికాలో ఉన్న మనవాళ్ళంతా కళ్ళు తుడుచుకుని, తిరిగి వెళ్ళిపోవాల్సిందే అని గట్టిగా తీర్మానించుకుని, సోమవారం పొద్దున్నే వెళ్ళి గ్రీన్ కార్డు కాగితాల సంగతి కనుక్కున్నారు :)

తెలుగు పాటల వరకూ ఆ ఏడాది దేవిశ్రీ ప్రసాద్‌ది. సంక్రాంతికి 'వర్షం', ఆ తర్వాత 'వెంకీ', మేలో 'ఆర్య', దసరాకి 'శంకర్ దాదా ఎంబీబీయస్', డిసెంబరులో 'మాస్'. మనం ఒక్క రిలీజు టైముకి ఇవ్వడానికే కిందామీదా పడుతుంటే, ఆ కుర్రాడు ఏడాదిలో ఐదు కొట్టాడు!

సరే, ఇదిగో నా జాబితా. అప్పుడు రాసుకున్నది రాసుకున్నట్టే.

5. ఘర్షణ. హ్యారిస్ జయరాజ్. రాత్రిపూట హెడ్ ఫోన్స్ పెట్టుకుని వింటే మనం కూడా పోలీసాఫీసరేమో అనిపించే సంగీతం. నిజానికి మనం వెతుకుతున్నది నల్ పాయింటర్ని.

4. 7/జి బృందావన కాలనీ. యువన్ శంకర్ రాజా. ప్రేమలో పడని వాళ్ళు కూడా విఫలమైనంత పని చేశారు. మా రూమ్మేటు ఒకడు ఈ పాటలు వింటూ నెల్లాళ్ళు గడ్డం పెంచాడు. అమ్మాయి ఎవర్రా అంటే, ఇంకా దొరకలేదన్నాడు.

3. నా ఆటోగ్రాఫ్. కీరవాణి. చంద్రబోస్ రాసిన 'మౌనంగానే ఎదగమని' ఈ సినిమాలోదే. జీతాలు పెంచని ఏడాది హెచ్ఆర్ వాళ్ళు వినిపించడానికి ఇంతకంటే మంచి పాట లేదు.

2. వర్షం. ఇందులో ఒక పాట పల్లవి ఎంత పాకిపోయిందంటే, మరుసటి సంక్రాంతికి అదే పేరుతో సినిమా వచ్చేసింది, 'నువ్వొస్తానంటే నేనొద్దంటానా' అని.

1. ఆనంద్. కె.ఎం. రాధాకృష్ణన్ సంగీతం, వేటూరి సాహిత్యం. మంచి కాఫీ లాంటి సినిమా అని పోస్టరు మీదే వేసుకున్నారు. అక్టోబరు 15న, సాక్షాత్తూ చిరంజీవి 'శంకర్ దాదా' వచ్చిన రోజే వచ్చి నిలబడింది. జాబితాలో దీని పక్కన నేను రాసుకున్న వాక్యం, 'అభిరుచి ఉన్నవాళ్ళు వినాల్సిన ఆల్బమ్'. అభిరుచట! అప్పటికి నాకు ఇన్‌స్టంట్ కాఫీకీ ఫిల్టర్ కాఫీకీ తేడా తెలీదు.

బాగుంది కదా జాబితా? ఇప్పుడు సిగ్గు సంగతి.

అదే డిస్కులో 'పాత బిల్డ్స్' అని ఇంకో ఫోల్డరుంది. ఆ పేరు పెడితే ఎవడూ తెరవడని నా తెలివి. తెరిస్తే అందులో ఉన్నది 'ఆర్య'. ముఖ్యంగా అమలాపురం పాట. జాబితాలో ఎక్కడా లేని ఆల్బమ్! విన్‌ఆంప్ లైబ్రరీలో ఏ పాట ఎన్నిసార్లు విన్నామో లెక్కుంటుంది కదా, అదీ చూశాను. 'ఆనంద్' మొత్తం కలిపి 40 చిల్లర. అమలాపురం ఒక్కటే 200 దాటింది. క్యూబికల్లో ఎవరన్నా వెనక నిలబడితే ఆల్ట్ ట్యాబ్ కొట్టి 'యమునా తీరం' పెట్టేవాణ్ణని ఇప్పుడు గుర్తొచ్చింది. జనం బాసుని చూసి చాటింగ్ విండో దాస్తారు, నేను పాట దాచాను.

ఇక్కడిదాకా అయితే నవ్వుకుని వదిలేసేవాణ్ణే. కానీ ఆ మధ్య ఊరికెళ్ళినప్పుడు అటక మీద 'ఆర్య' క్యాసెట్టు దొరికింది. లోపలి కాగితం మడత విప్పి చూస్తే, అమలాపురం పాట ఎదురుగా రచన అన్నచోట వేటూరి అని ఉంది.

అదీ సంగతి! నేను స్క్రీన్ మీద చూపించిన పాటా, స్క్రీన్ వెనక దాచిన పాటా ఒకే ఏడాది, ఒకే మనిషి రాశాడు. యమునా తీరాన్ని చూపించి నా అభిరుచి గురించి లెక్చర్లిచ్చాను. దాన్ని రాసినాయనకి మాత్రం అమలాపురం రాయడానికి ఏ నామోషీ లేదు. ఆ మాటకొస్తే ఆయనకది కొత్తా కాదు. 1977లో ఎన్టీఆర్ 'అడవి రాముడు'కి ఈలలు వేయించిన కలమే, 1980లో 'శంకరాభరణం' రాసింది. క్లాసు, మాసు అని రెండు డైరెక్టరీలు చేసుకున్నది మనం. ఆయన దగ్గర ఉన్నది ఒక్కటే.

మరి ఇంత ముఖ్యమైన విషయం నాకెందుకు తెలీలేదు? నా అజ్ఞానం సగం. మిగతా సగం మన వృత్తిది. మనం ఎంపీ3లకి ఎగబడ్డ రోజుల్లో ఐడీ3 ట్యాగు మొదటి వెర్షన్ మొత్తం 128 బైట్లు. పాట పేరుకి 30, ఆర్టిస్టుకి 30, ఆల్బమ్‌కి 30, సంవత్సరానికి 4, కామెంటుకి 30, జాన్రాకి 1, మొదట్లో గుర్తు కోసం 3. లెక్క సరిపోయింది. రాసినాయనకి బైటు మిగల్లేదు! రెండో వెర్షన్లో గీత రచయితకి వేరే ఫ్రేము పెట్టారు. పెట్టినా నింపే నాథుడేడీ? పాటలు అప్‌లోడ్ చేసిన పుణ్యాత్ముడు ఆర్టిస్టు గడిలో తన సైటు పేరు వేసుకునేవాడు. క్యాసెట్టు కాగితం మీద బుద్ధిగా ఉన్న పేరు, టెక్నాలజీ పెరిగిన కొద్దీ మాయమైంది. మనం రాసిన కోడ్‌లోంచి ఎవడన్నా మన పేరు తీసేసి చెక్ ఇన్ చేస్తే ఊరుకుంటామా? మెయిలు పెడతాం, సీసీలో ఊరంతా ఉంటుంది.

పేరు పోతే ఏమవుతుందంటే, ఇదిగో ఇదే అవుతుంది. పాటని రాసిన మనిషి కనబడకపోతే పాట మీద హీరో, డాన్సు, ఎవరెవరు విని ఈలలేశారు అన్నవే మిగుల్తాయి. వాటిని బట్టి ఇది మన స్థాయి, ఇది కాదు అని తేల్చేస్తాం. అ ఆలు దిద్దించే వరసలోకి కోనసీమ ఊరి పేరుని పట్టుకొచ్చి జనం నోట ఆడించడం ఎంత కష్టమైన పనో, వెనక ఓ కవి ఉన్నాడని తెలిసుంటే అప్పుడే ఆలోచించేవాణ్ణేమో. ఐటమ్ పాటల్లో ఆడవాళ్ళని చూపించే పద్ధతి మీద అభ్యంతరాలున్నాయి, అవి న్యాయమైనవే. కానీ నేను దాచింది అభ్యంతరంతో కాదు, పరువు కోసం. రెండిటికీ చాలా తేడా ఉంది.

ఇంకో తమాషా చూడండి. నా జాబితాలో మూడో ర్యాంకు జంట, అదే కీరవాణి చంద్రబోస్, 2023లో ఆస్కార్ అందుకున్నారు. దేనికి? 'నాటు నాటు'కి. మౌనంగా ఎదగమని చెప్పిన ఆ ఇద్దరే దుమ్ము రేగ్గొట్టే పాటతో ఆ వేదిక ఎక్కారు! ఆ రోజు మన ఆఫీసుల్లో దాన్ని మాసు పాట అని దాచినవాడు ఒక్కడు లేడు. అవార్డు వస్తే గానీ మన చెవులకి మనం పర్మిషన్ ఇచ్చుకోలేం కాబోలు.

వేటూరి 2010లో వెళ్ళిపోయారు. ఆయనకి నేను బాకీ పడ్డది పెద్దదేం కాదు, ఒక గడి. అందుకని పోయిన ఆదివారం కూర్చుని ఆ రెండు ఫోల్డర్లూ కలిపేసి, ప్రతి పాటకీ రచయిత పేరు చేత్తో నింపాను. తెలియనివి క్యాసెట్టు కాగితాలు చూసి వేశాను. మూడు గంటలు పట్టింది. అయ్యాక ఆ గడి మీద సార్ట్ కొట్టి చూస్తే అమలాపురం, దాని కిందనే యమునా తీరం, పక్కపక్కనే కూర్చున్నాయి.

సవరించిన జాబితాలో ఒకటో ర్యాంకు ఇద్దరికి వచ్చింది. వెనక ఎవరన్నా నిలబడితే ఇప్పుడు ఆల్ట్ ట్యాబ్ కొట్టట్లేదు, సౌండు పెంచుతున్నాను. మా ఆవిడ మాత్రం హెడ్ ఫోన్స్ పెట్టుకోమంటోంది, అది వేరే విషయం :)

మీ 'పాత బిల్డ్స్'లో ఏముందో ఓసారి తెరిచి చూసుకోండి. అన్నట్టు, రాసిందెవరో కూడా చూడండి.