కాలకేయుడికి అమ్మ లేదా?

మాహిష్మతి మీదికి దండెత్తి వచ్చిన కాలకేయులకి సొంత భాష ఉంది. దాని పేరు కిలికి. 2015 జులై 10న 'బాహుబలి' మొదటి భాగం విడుదలయ్యాక మా మునగపాక వీధుల్లో పిల్లల నోట అదే మాట. నటుడు ప్రభాకర్ వేసిన కాలకేయుల నాయకుడు ఇంకోషి నాలుక టకటకలాడిస్తూ గర్జిస్తుంటే హాళ్లు ఈలలతో దద్దరిల్లాయి. రెండేళ్లు తిరిగేసరికి గాయని స్మిత ఆ భాషలో పాట కూడా చేసింది. లేని జాతికి వ్యాకరణంతో సహా భాష తయారుచేయించడం మన సినిమాకి చిన్న సంగతి కాదు, ఆ పట్టుదలకి దణ్ణం పెడతాను. కానీ ఆ భాషని ఎవరికిచ్చారో, ఎందుకిచ్చారో తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

శత్రువుకిచ్చారు. ఒంటినిండా నల్లరంగు పూసి, జుట్టు జడలు కట్టించి, కోతకొచ్చిన పంటలా నరకడానికి నిలబెట్టిన మూకకిచ్చారు. మాహిష్మతి కూడా కల్పించిన రాజ్యమే. దానికి మాత్రం కొత్త భాష అక్కర్లేకపోయింది. శివగామి ఆజ్ఞకి, బాహుబలి ప్రమాణానికి, కట్టప్ప విధేయతకి నిండైన గ్రాంథికపు తెలుగు సరిపోయింది. మనకి అర్థమయ్యేవాడు మనిషి, అర్థం కానివాడు చంపదగ్గవాడు అన్న లెక్క ఎవరూ నోటితో చెప్పకుండానే ప్రేక్షకుడి మనసులోకి దిగిపోయింది. ఇంత పెద్ద అన్యాయాన్ని ఇంత ముచ్చటగా చేసిన సన్నివేశం మన తెరమీద నాకు మరొకటి గుర్తుకు రావడం లేదు.

ఇందులో మరింత బాధపెట్టేది ఆ భాష పుట్టుక. కిలికిని తయారుచేసిన తమిళ గీతరచయిత మదన్ కార్కి ఆస్ట్రేలియాలో చదువుకునే రోజుల్లో, పిల్లలకి పాఠాలు చెబుతూ వాళ్ల కోసం ఒక ఆటభాష అల్లాడు. వంద మాటలుండేవట. బాహుబలి కోసం దాన్ని సుమారు 750 మాటలకి, 40 వ్యాకరణ సూత్రాలకి పెంచాడని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. 'మిన్' అంటే నేను, దాన్నే వెనక్కి తిప్పి 'నిమ్' అంటే నువ్వు. ఎంత చక్కని ఊహ! ఎదుటివాడు నాకు అద్దంలో ప్రతిబింబమని ఆ భాష సర్వనామాల్లోనే చెప్పేస్తోంది. పిల్లల నవ్వుల్లో పుట్టిన అంత మంచి భాషని పట్టుకెళ్లి అరుపులకీ బెదిరింపులకీ వాడుకున్నారు. తెరమీద కాలకేయుల ఊరు మనం చూడం. వాళ్ల పొయ్యి చూడం. జోలపాడే తల్లిని చూడం. 750 మాటల్లో ఆకలికీ జ్వరానికీ వానకీ ఏమంటారో ప్రేక్షకుడికి ఒక్కటీ తెలియదు. కార్కి తర్వాత 2020 ఫిబ్రవరి 21న, అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం నాడు, బాహుబలి దర్శకుడు రాజమౌళి చేతుల మీదుగానే కిలికిని అందరికీ నేర్పేందుకు జనం ముందు పెట్టాడు. తన బిడ్డని యుద్ధభూమి నుంచి ఇంటికి తెచ్చుకున్నాడనే నేను అనుకుంటాను. ఆ పని సినిమాలోనే జరిగి ఉండాల్సింది.

సినిమా అన్నాక శత్రువు భయపెట్టాలి కదా అంటారు. అమెరికావాళ్ల 'స్టార్ ట్రెక్'లో క్లింగాన్లూ శత్రువులే. మార్క్ ఒక్రాండ్ అనే భాషావేత్త 1984 నాటి సినిమా కోసం వాళ్ల భాషకి ఒళ్లూ ఎముకలూ ఇచ్చాడు, మరుసటి ఏడాది నిఘంటువూ వేశాడు. ఆ తర్వాతి కథలు క్లింగాన్ల ఇళ్లలోకి వెళ్లాయి, వాళ్ల పరువు, వాళ్ల చావు పాటలు, అన్నదమ్ముల తగాదాలు చూపించాయి. అందుకే ఆ భాష నేర్చుకుని మాట్లాడేవాళ్లు ఇవాళ్టికీ ఉన్నారు. ఇక ఇంగ్లీషు రచయిత టోల్కీన్ సంగతి చెప్పాలంటే ఆయన ముందు భాషల్ని కట్టి, అవి బతకడానికి ఒక లోకం కావాలని కథలు రాసినవాడు. తన కథల్లోని ఎల్ఫులనే జాతి భాషల్లో ఒకదానికి ఫిన్నిష్ నుంచి, మరోదానికి వెల్ష్ నుంచి ప్రాణం తెచ్చుకున్నాడు. ఇంగ్లండు పక్కనే ఉండి, ఇంగ్లీషు కింద నలిగి, బడిలో మాట్లాడితే పిల్లలకి శిక్షపడిన భాష వెల్ష్. దాని సొగసుని తీసుకెళ్లి తన లోకంలో అందరికన్నా గొప్పజాతి నోట పెట్టాడు. పొరుగువాడి చిన్నభాషని నెత్తిన పెట్టుకునే దారి అది. మనవాళ్లు పట్టుకున్నది సరిగ్గా దానికి ఎదురుదారి.

ఎదురుదారి మనకి రక్తంలో ఉన్నదా అంటే అదీ లేదు. 1957లో పింగళి నాగేంద్రరావు 'మాయాబజార్'లో రాక్షసులకి ఏం చేశాడో చూడండి. వాళ్లకి గురువునిచ్చాడు, బడినిచ్చాడు, వంటనిచ్చాడు, గిల్పమూ గింబళీ ఇచ్చాడు, మెచ్చుకోలుకి వీరతాళ్లిచ్చాడు. అసమదీయులు, తసమదీయులు అంటూ సంస్కృతాన్ని వాళ్ల నాలుక మీద మెలితిప్పి కొత్త తెలుగు పుట్టించాడు. మాటలు ఎవరో ఒకరు పుట్టిస్తేనే పుడతాయని ఘటోత్కచుడి చేతే చెప్పించాడు. పురాణం రాక్షసులన్న జాతిని అరవై ఏళ్లకి పైగా తెలుగువాళ్లు ఇంటిమనుషుల్లా ప్రేమించారంటే ఎస్వీ రంగారావు గదతోపాటు ఆ భాషా కారణమే. ఒక్క మనిషి కలంతో చేసిన పని అది. వందల కోట్ల ఖర్చుతో చేయలేకపోయారంటే లోపం డబ్బులో లేదు, చూపులో ఉంది.

ఆ చూపు ఎక్కడ చెడిందో మా ఊళ్లో కూచుని చెప్పగలను. మునగపాక చెరుకు ఊరు. బెల్లం వండే చోట ఒక గంట నిలబడండి. చెరుకు ఆడించిన రసం పెనంలోకి పడుతుంది, పొయ్యిలోకి పిప్పి తోస్తూనే ఉంటారు, మడ్డి పైకి తేలినకొద్దీ తీసి పారేస్తారు. వంటాయన తెడ్డు ఎత్తి, జారే పాకాన్ని కంటితోనే చూసి, నీళ్లలో చుక్క వేసి వేళ్ల మధ్య నలిపి, "ఇంక దించియ్యండి, బేగి" అంటాడు. రసం పాకమయ్యేదాకా, పాకం దిమ్మయ్యేదాకా మెట్టుమెట్టుకీ ఒక పేరుంటుంది. కొండకర్ల వైపు నడిస్తే మా వాళ్లు ఆవ అని పిలిచే పెద్ద మంచినీటి సరస్సు. తాటిమానులతో చేసిన దోనెల మీద ఇప్పటికీ దాన్ని దాటుతారు. చేపకీ పక్షికీ తుంగకీ బురదకీ అక్కడ మాటలున్నాయి. కొత్త రాజ్యం కల్పించేవాడికి కావలసిన సామానంతా ఇదే. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూరా రైతుల నోటి నుంచి ఏరించి 1962లో వ్యవసాయ పదాల మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు, ఆ తర్వాత చేనేత మాటలకి మరో సంపుటం. కల్పిత దేశాల మీద కథలు రాసే ఒక్క రచయిత బల్ల మీదైనా ఆ పుస్తకాలు ఉంటే ఎంత బాగుండును!

తెరమీద మా ఉత్తరాంధ్ర మాటకి దక్కిన చోటు ఏది? ఏటి, నేదు, కూకో, వచ్చీసినాడు అంటే హాలంతా నవ్వాలి. మా యాస పనివాడికి, వంటవాడికి, దెబ్బలు తినే హాస్యగాడికి. మా అనకాపల్లి జిల్లాలోని ఎస్.రాయవరంలో పుట్టిన గురజాడ, శ్రీముఖలింగం దగ్గర పుట్టిన గిడుగు, ఈ గాలి పీల్చినవాళ్లే తెలుగు రాతని జనం నోటికి దగ్గరగా లాక్కొచ్చారు. వాళ్ల గడ్డ మాట ఇవాళ ఎగతాళి సరుకయింది. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం', 2020లో 'పలాస 1978' వచ్చినప్పుడు మా యాసలో మనుషులు ప్రేమించారు, ఏడ్చారు, ఎదురుతిరిగారు. ఆ రెండు సినిమాలకీ రుణపడి ఉన్నాను. రాజ్యాలూ సింహాసనాలూ ఉన్న కథలకి మాత్రం మేమింకా పనికిరాం.

మా సంగతే ఇలా ఉంటే కొండమీదివాళ్ల సంగతి ఏమిటి? మా అనకాపల్లి జిల్లా, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఒకే రోజున, 2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డాయి. మా ఊళ్లో పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నానికల్లా ఆ కొండల్లో ఉంటాం. అక్కడ కువి మాట్లాడతారు, కొండభాష మాట్లాడతారు, గదబలు గుతోబ్ మాట్లాడతారు. ఇంకా ఉత్తరాన మన్యం, శ్రీకాకుళం కొండల్లో సవర. ఆ గుతోబ్, సవర తెలుగుకి చుట్టాలు కావు, ముండా కుటుంబానివి. వాటి దూరపు బంధువు ఎక్కడో కంబోడియాలోని ఖ్మేర్. సవర భాషలో క్రియ కర్మని తన కడుపులోకి లాగేసుకుంటుంది, మనం వాక్యం చేసేదాన్ని వాళ్లు ఒక్క మాటలో ముగిస్తారు. ఇలాంటి వ్యాకరణాన్ని ఎవరైనా ఊహించి సినిమాకిస్తే ఎంత మేధావి అని పత్రికలు ఆకాశానికెత్తేవి. అది మన పక్కింట్లో ఉంది, దాన్ని మాట్లాడే పిల్లని బడిలో నోరుమూసుకోమంటున్నాం.

ఆ భాష విలువ గిడుగు రామ్మూర్తికి తెలిసింది. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నాడు, వాళ్ల కోసం బళ్లు పెట్టాడు, 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. మన్యంలో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగి మింగి చెవుడు తెచ్చుకున్నాడు. ఇతరుల భాష వినడానికి వెళ్లి చెవులు పోగొట్టుకున్న మనిషి పుట్టినరోజునే ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని దండలు వేస్తాం. ఆ దండలు వేసేవాళ్లే కొండవాళ్ల భాషని భాషేమిటంటారు, దానికి లిపి లేదంటారు. లిపి లేదా? 1936లో మాంగే గొమాంగో అనే సవర పెద్ద తన జాతి కోసం సొరంగ్ సొంపెంగ్ అనే లిపిని సృష్టించాడు. ఆదిలాబాద్ గుంజాల ఊళ్లో గోండి రాతప్రతులు బయటపడ్డాయి, ఆ లిపి 2018లో యూనికోడ్‌కి ఎక్కింది. లేని జాతికి భాష తయారైతే వార్తయింది, ఉన్న జాతులు తయారుచేసుకున్న లిపులు మన పిల్లలకి పేరైనా తెలియవు.

ఆదివాసి భాషల్ని తెచ్చి తెరమీద అరుపులుగా వాడుకోమని నేను చెప్పడం లేదు. అది దొంగతనం. భాష కల్పించండి, ఎన్నయినా కల్పించండి. ఇప్పుడు ప్రతి పెద్ద సినిమాకీ ఒక కొత్త లోకం కావాలి, ఆ లోకానికి కత్తులు చేసేవాళ్లకీ కోటలు గీసేవాళ్లకీ కంప్యూటర్లో ఏనుగులు నడిపించేవాళ్లకీ కోట్లు పోస్తున్నారు. అందులో ఒక పాలు పెట్టి భాషావేత్తని మొదటి రోజునే కూర్చోబెట్టండి, యుద్ధం సీను ముందురోజు పిలవకండి. ఆయన పక్కన ఒక సవర బడిపంతుల్ని, ఒక కువి పాటగత్తెని, మా ఊరి బెల్లం వంటాయన్ని కూర్చోబెట్టండి. వాళ్లకి మాటల రచయితతో సమానంగా డబ్బివ్వండి, తెరమీద పేరు వెయ్యండి. ఆ కొత్త భాషలో మొదటి సంభాషణ సేనాపతికి రాయకండి. రాజ్యం ఏదైనా సరే, జాతి ఏదైనా సరే, బిడ్డకి అన్నం పెడుతున్న ఆడమనిషికి రాయండి.