కోతలొచ్చాయి, కళ్లు జాగ్రత్త! గూట్లోని పాత చుక్కల సీసా ముట్టొద్దు!

 

మీ ఇంట్లో దేవుడి గూట్లోనో, టీవీ పక్కనో, ఫ్రిజ్ తలుపులోనో ఒక కంటి చుక్కల సీసా ఉంటుంది. పోయినేడు పెద్దాయనకు రాసిచ్చింది. తర్వాత కోడలికి కన్ను ఎర్రబడితే అదే వేశారు, మనవడికి దురద పెడితే అదే, పక్కింటివాళ్లు అడిగినా అదే. ఒకసారి దాన్ని తెచ్చి ఎదురుగా పెట్టుకోండి. మూత తీసి నెల దాటితే ఆ మందు ఎవరి కంట్లోనూ వేయకూడదు.

పేరు కూడా చూడండి. బడికెళ్లే పిల్లల చేత చదివించండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. వేసిన పూటకే ఎరుపు తగ్గుతుంది, మంట తగ్గుతుంది. అందుకే దాని మీద జనానికి అంత గురి! ఎరుపు పోయినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదు. కంటి డాక్టరు చూసి, ఇన్ని రోజులని లెక్కగట్టి ఇస్తే అది మంచి మందే. ఎవరికి వాళ్లం నెలల తరబడి వేసుకుంటే కంట్లో ప్రెషర్ పెరుగుతుంది, శుక్లం వస్తుంది. పుండు పడ్డ కంట్లో వేస్తే పుండు పేట్రేగిపోతుంది.

ఈ కోతల కాలంలో మా భయమంతా ఆ పుండు గురించే. తూర్పారబట్టేటప్పుడు, మిషన్ దగ్గర, కల్లంలో ధాన్యం ఎత్తేటప్పుడు ఊకో నూగో కంట్లో పడుతుంది. చెరకు ఆకో, మొక్కజొన్న ఆకో సర్రున గీసుకుపోతుంది. నల్లగుడ్డు మీద సన్నటి గీత పడుతుంది, అద్దంలో చూసుకున్నా కనపడదు. మట్టిలో, ఆకుల మీద ఉండే బూజు ఆ గీతలో దిగుతుంది. రెండు మూడు రోజులు నలుసే అనుకుంటాం. ఆ తర్వాత ఆ ఒక్క కన్నే ఎర్రగా అవుతుంది, నొప్పి పుడుతుంది, వెలుతురు చూడలేం, నీరు కారుతుంది, చూపు మసకబారుతుంది, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే మెడికల్ షాపుకెళ్లి "కంటికి చుక్కలియ్యి" అంటాం. స్టెరాయిడ్ చేతిలో పడిందంటే కంటికి మూడినట్టే.

నలుసు పడితే శుభ్రమైన నీళ్లతో కడగండి. నలమొద్దు, గుడ్డ కట్టొద్దు. నాలుకతో తీయించడం, తల్లిపాలు పిండటం, ఆముదం, ఆకు పసరు... ఇవన్నీ ప్రేమతో చేసేవే, మా నాయనమ్మలూ చేశారు. అయినా వద్దు. తెల్లారేసరికి నొప్పి తగ్గకపోతే, చూపు మసకేస్తే కోత ఆపి కంటి డాక్టరు దగ్గరికి పోండి. ఆయన పుండు మీంచి కాస్త గీకి, పరీక్ష చేసి, బూజో బ్యాక్టీరియానో తేలుస్తారు. బూజైతే నాటామైసిన్ వంటి చుక్కలు మొదట్లో గంటగంటకూ వేయాలి, వారాల తరబడి వేయాలి. ఆలస్యం చేస్తే పువ్వు పడుతుంది. పువ్వు ఏ చుక్కలకూ కరగదు. చనిపోయినవారు దానం చేసిన కంటి పొర తెచ్చి కుట్టాలి, అదీ అందరికీ నిలవదు.

కూలీలను పెట్టుకునే రైతులకు ఒక మాట. కొడవళ్లతోపాటు మనిషికో మామూలు ప్లాస్టిక్ కళ్లజోడు కొనండి. ఖర్చు ఒక పూట టీల పాటి ఉంటుందేమో!

కంట్లో సున్నం పడితే మాత్రం ఆస్పత్రి దాకా ఆగొద్దు. సున్నం డబ్బాలూ ట్యూబులూ పిల్లలకు అందనీయకండి. పడ్డ క్షణం నుంచే కన్ను తెరిచి పట్టుకుని, కనీసం అరగంట నీళ్లు పోస్తూనే ఉండండి. ఆ తర్వాతే బండెక్కండి.

ఇక కళ్లకలక. 2023 వానల్లో ఊళ్లకు ఊళ్లే ఎర్రకళ్లతో తిరిగాయి కదా. అది ఎక్కువగా వైరస్. పుసులు కడతాయి, గరగరలాడుతుంది, చూపు మాత్రం బాగుంటుంది. వారం రెండు వారాల్లో దానంతటదే పోతుంది. కలక వచ్చినవాళ్లను చూస్తే అంటుకోదు. చేతులూ తువ్వాళ్లూ దిండు గలేబులూ అంటిస్తాయి.

శుక్లానికి చుక్కల్లేవు. కరిగిస్తామనే వాళ్లకు డబ్బులు ఇవ్వకండి. "పొర ముదరనీ" అని ఆగడం సోడాబుడ్డి అద్దాల నాటి మాట. ఇప్పుడు సన్నటి కోతతో మసక తీసేసి లోపలే లెన్స్ పెడతారు. పనులకు అడ్డమయ్యేంత మసకేస్తే చాలు, అది చేయించుకునే వేళ. మరీ ముదరబెడితే ఆపరేషనే కష్టమవుతుంది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా చేస్తారు. చలికాలమే మంచిదన్న పట్టింపు అక్కర్లేదు.

నీటికాసులు దొంగజబ్బు. పక్కచూపు మెల్లగా తినేస్తుంది, ఎదురుచూపు చివరిదాకా బాగానే ఉంటుంది. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెట్టుకోవడమే. నలభై దాటినవాళ్లు, ఇంట్లో ఎవరికైనా ఉన్నవాళ్లు కంటి ప్రెషర్ చూపించుకోండి. దీనికి డాక్టరు రోజూ వేయమన్న చుక్కలు మాత్రం పారేయకండి, బాగుందని మానకండి! ఒక్కోసారి కన్ను ఎర్రబడి, తల పగిలిపోయి, వాంతులై, లైటు చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి. పైత్యమని పడుకోవద్దు, ఆ రాత్రే ఆస్పత్రికి.

షుగరున్నవాళ్లు, సర్కారు కంటి వెలుగు శిబిరాల్లో అద్దాలిచ్చారు కదా అంటున్నారు. తెలంగాణలో 2018లో, ఆంధ్రలో 2019లో మొదలైన ఆ శిబిరాల్లో చాలామంది తెచ్చుకున్నవి చత్వారం అద్దాలు. షుగరు దెబ్బతీసేది లోపలి రెటీనాను. మొదట్లో నొప్పి ఉండదు, మసకా ఉండదు. అందుకే బాగా కనిపిస్తున్నా ఏడాదికొకసారి రెటీనా చూపించుకోవాలి. లేజరు, ఇంజెక్షన్లు వేళకు పడితే చూపు దక్కుతుంది.

ఈరోజే ఇంట్లో అందరూ ఒక కన్ను మూసి క్యాలెండర్ చూడండి, తర్వాత రెండోది మూసి. తేడా ఉంటే జిల్లా ఆస్పత్రి కంటి విభాగానికి పోండి. పెద్ద కేసైతే హైదరాబాద్‌లో సరోజినీదేవి, విశాఖలో ప్రాంతీయ కంటి ఆస్పత్రి ఉన్నాయి, రెండూ సర్కారువే. పాత అద్దాలు, షుగరు చీటీలు, ఇన్నాళ్లూ వేసుకున్న ఆ సీసా పట్టుకెళ్లండి. కంట్లో ఏం పడిందో డాక్టరుకు తెలియాలి. పరీక్షకు కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేస్తారు, కొన్ని గంటలు మసకగా ఉంటుంది. బండి నడపడానికి ఒకరిని తోడు తీసుకెళ్లండి.