పసుపు గుర్తు చూసి పాత కంప్యూటర్‌ను పక్కన పెట్టేయకండి



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌కు మఠంపల్లి నుంచి వచ్చిన ఒక నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి కూడా లేవలేదు. ఆయనది సిమెంట్ ఫ్యాక్టరీలో షిఫ్ట్ డ్యూటీ. కొడుకు ఎనిమిదో తరగతి.

"మేడం, ఒకటి అడగాలె. ప్రాజెక్టులకు కంప్యూటర్ కావాలంటున్నడు పిల్లగాడు. మా బామ్మర్ది మిర్యాలగూడల డీటీపీ సెంటర్ బంద్ చేసి పాతది ఇచ్చిండు. షాపుల ఇస్తే విండోస్ మళ్ల ఎక్కించిండ్రు గని నెట్ వస్తలేదు. బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోమంటున్నరు. ముప్పై వేలంట. కొనమంటరా?"

నేను కంప్యూటర్ టీచర్‌ని కాదు, ఇంగ్లిష్ చెప్తాను. కానీ నా బీఈడీ అసైన్‌మెంట్లన్నీ సికింద్రాబాద్ సీటీసీలో కొన్న సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ మీదే టైప్ చేశాను. అదీ ఇలాగే మొరాయించింది. అందుకే "ఇప్పుడే కొనకండి, ముందు బాబును చూడనివ్వండి" అన్నాను.

కంప్యూటర్‌లో నెట్ కేబుల్ పెట్టే భాగాన్ని నెట్‌వర్క్ అడాప్టర్ అంటారు. దానికీ విండోస్‌కూ మధ్య దుబాసీ లాంటి చిన్న ప్రోగ్రామే డ్రైవర్. విండోస్ మొత్తం చెరిపి మళ్ళీ ఎక్కించినప్పుడు పాత డ్రైవర్లు పోతాయి. కొన్నింటికి విండోస్‌లోనే డ్రైవర్ ఉంటుంది, కొన్నింటికి ఉండదు. లేకపోతే అడాప్టర్ బాగానే ఉన్నా నెట్ రాదు. డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదన్న సామెత ఇక్కడ అచ్చంగా సరిపోతుంది.

బాబుకు నేను చెప్పింది ఒక్కటే. డివైస్ మేనేజర్ తెరిచి, 'ఈథర్నెట్ కంట్రోలర్' పక్కన పసుపు గుర్తు ఉందేమో చూడు. ఉంటే ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్‌కు వెళ్ళి, 'హార్డ్‌వేర్ ఐడీస్' దగ్గర ఉన్నది ఉన్నట్టు రాసుకొని రా.

మర్నాడు రఫ్ నోట్‌బుక్‌లో రాసుకొచ్చాడు. అందులో 'వెన్' తర్వాతి నాలుగు అక్షరాలు తయారుచేసిన కంపెనీని, 'డెవ్' తర్వాతి నాలుగు ఆ భాగాన్ని చెబుతాయి. 10ఈసీ అని ఉంటే రియల్‌టెక్. 8086 అని ఉంటే ఇంటెల్. 1978లో ఆ కంపెనీ తెచ్చిన ప్రాసెసర్ పేరే అది. ఈ సంగతి విని వాడి ముఖం వెలిగింది. నా క్లాసులో ఎప్పుడూ చూడని వెలుగు, నిజం చెప్పాలంటే కొంచెం అసూయ కలిగింది.

అడాప్టర్ తన నంబర్ తాను చెప్పుకుంటోందంటే చాలావరకు బతికే ఉన్నట్టు. అసలు ఆ లిస్టులోనే కనబడకపోతే పాడైందేమో అనుకోవాలి. అప్పుడు కూడా కొన్ని వందల రూపాయల యూఎస్‌బీ అడాప్టర్‌తో పని జరగవచ్చు.

తర్వాత రెండు తప్పులు చేశాడు. మొదట, అన్ని డ్రైవర్లూ తనే వెతికి పెడతానన్న ఉచిత ప్రోగ్రామ్ ఒకటి నాన్న ఫోన్‌లో దించి, కేబుల్‌తో కంప్యూటర్‌లోకి పంపాడు. అది ప్రకటనలు నింపి, చివర్లో డబ్బు అడిగింది. ఇలాంటివి పిల్లలను ముట్టనివ్వకండి. డ్రైవర్ ఎప్పుడైనా కంప్యూటర్ కంపెనీ సైట్ నుంచో, ఆ భాగం చేసిన కంపెనీ సైట్ నుంచో మాత్రమే తీసుకోవాలి. రెండోసారి సరైన సైట్‌కే వెళ్ళాడు గానీ, 32 బిట్ విండోస్‌కు 64 బిట్ డ్రైవర్ తెచ్చాడు. అది ఎక్కదు. మూడోసారికి నెట్ వచ్చింది.

ఈ మూడు రోజుల్లో వాడు చదివిన ఇంగ్లిష్ ఎవరూ బట్టీ పట్టించింది కాదు. ఏ పదం అర్థం కాకపోతే పని ఆగిపోతుందో ఆ పదం కోసం డిక్షనరీ తీశాడు. 'కంపాటిబుల్' అంటే ఏమిటని అడిగాడు. ఏడాదంతా కాంప్రహెన్షన్ పాసేజీలు ఇచ్చే నేను ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తుంటాను. షాపులో ఇచ్చి ఉంటే, కొత్తది కొని ఉంటే, ఆ ప్రశ్న వచ్చేది కాదు. మీ ఇంట్లోని పాత కంప్యూటర్‌ను కూడా ముందు పిల్లల చేతికి ఇవ్వమని నేననేది ఇందుకే. లోపలి సమాచారం ఫోటోలేమైనా ఉంటే ముందు కాపీ తీసిపెట్టుకోండి, అంతే.

ప్రాజెక్టులన్నీ ప్రింట్ తీసి తెమ్మని చెప్పేది మేమే కాబట్టి, మీ మీద పడే ఈ కొనుగోళ్ళ ఒత్తిడిలో మా వాటా కూడా ఉంది.

ఒక జాగ్రత్త. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అలాంటి కంప్యూటర్‌లో బ్యాంకు పనులు పెట్టుకోకండి. లినక్స్‌ను పెన్ డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చు, ఉన్న విండోస్‌ను చెరపనక్కర్లేదు. చాలా పాత ఈథర్నెట్ అడాప్టర్లకు డ్రైవర్ దానిలోనే ఉంటుంది. కొన్ని వైఫై కార్డులు మాత్రం అక్కడా సతాయిస్తాయి.

మొన్న ఆ నాన్నగారు ఫోన్ చేశారు. నెట్ బాగా వస్తోందట, సౌండ్ మాత్రం రావడం లేదట. "షాపుకు తీస్కపోదామంటే వద్దంటున్నడు మేడం. ఆదివారం తనే చూస్తడంట."